బాదంపాలా, చికెనా? ముందు అమ్మాయికి తక్కువైంది ఏమిటో చూద్దాం

తెనాలి దగ్గరి ఒక ఊరి నుంచి ఓ తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె భర్తది ఎరువుల దుకాణం. ఇంట్లో అత్తగారు, ఇంకా పెళ్లికాని మరిది ఉంటారు. ఒక్కతే కూతురు, 15 ఏళ్లు, పదో తరగతి. కొన్నాళ్లుగా ఆ పిల్లకి నీరసం, రెండో అంతస్తులో ఉన్న క్లాసుకి మెట్లెక్కితే ఆయాసం, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. ఒకరోజు స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా కళ్లు తిరిగి కూలబడింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 గ్రాములు వచ్చింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, మంచి తిండి పెట్టమన్నారు.

ఆ 'మంచి తిండి' దగ్గరే ఇల్లు రెండైంది. అత్తగారు మామగారు పోయినప్పటి నుంచి నీచు ముట్టరు. ఆదివారం నాడు మాత్రం మిగతావాళ్ల కోసం పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో చికెన్ వండుతారు. ట్యూషన్ నుంచి వస్తూ పాల పార్లర్లో బాదంపాల సీసా తాగమని ఆవిడే రోజూ మనవరాలి చేతిలో 40 రూపాయలు పెడతారు. "పాలల్లో లేనిది ఏముందే? మేమంతా పాలు తాగి పెరిగినవాళ్లమే" అంటారు. మరిది జిమ్‌కి వెళ్తాడు. "వదినా, ఆ పంచదార నీళ్లు మాన్పించి రోజూ 200 గ్రాముల బ్రెస్ట్ పీస్ ఉడకబెట్టి పెట్టు, నెలలో లేచి నిలబడుతుంది" అంటాడు. భర్త ఎవరి మాటా కాదనలేక దుకాణానికి వెళ్లిపోతారు. అమ్మాయేమో చికెన్ వండిన రోజు పులుసు కలుపుకుని ముక్కలన్నీ కంచం పక్కకి పెట్టేస్తుంది. మాత్ర నీళ్లతో వేసుకుంటే వాంతి వచ్చినట్టు ఉంటుందని ఆ బాదంపాలతోనే మింగుతోంది.

ఆ తల్లి ఓపిగ్గా సీసా మీది లేబుల్ మొత్తం కాపీ చేసి పంపారు. చివర్లో, "రెండింటిలో ఏది మంచిదో మీరు ఒక్క మాట చెబితే మా ఇంట్లో గొడవ తీరుతుంది" అని రాశారు.

అమ్మా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. పిల్ల నీరసంగా ఉంటే చూస్తూ కూర్చోలేం. ఆ పైన ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నలిగిపోవడం. కానీ ఆ ఒక్క మాట నేను చెప్పను. చెబితే ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని రెండోవాళ్ల నోరు మూయిస్తారు. గొడవ తీరదు, అమ్మాయికి రక్తమూ పట్టదు. పైగా మీ అత్తగారిదీ మీ మరిదిదీ చెరో సగం నిజం. మీ పాపకి అన్నిటికన్నా ముందు కావలసిన విషయం మాత్రం ఆ ఇద్దరూ అనుకుంటున్న చోట లేదు.

ముందు ఆ సీసా సంగతి. మీరు పంపిన లేబుల్ ప్రకారం 100 మి.లీ.కి 86 క్యాలరీలు, ప్రొటీన్ 3.1 గ్రాములు, కొవ్వు 2.7, మొత్తం చక్కెరలు 12.2, అందులో విడిగా కలిపిన పంచదార 7.5 గ్రాములు. ఇవి 100 మి.లీ. లెక్కలు. మీ అమ్మాయి తాగే సీసా 200 మి.లీ. అన్నీ రెట్టింపు చేసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. అంటే సీసాకి 172 క్యాలరీలు, 6.2 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాముల పంచదార. చిన్న చెంచాతో నాలుగు చెంచాలకి కాస్త తక్కువ. మిగతా తొమ్మిది గ్రాములు పాలల్లో సహజంగా ఉండే చక్కెర, దాని గురించి బెంగ అక్కర్లేదు. రోజు మొత్తం మీద బయట నుంచి కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో సగానికి పైగా ఒక్క సీసాలోనే అయిపోతోంది. ఇంకా పొద్దుటి కాఫీ, బిస్కెట్లు ఉండనే ఉన్నాయి. బాదం ఎంత ఉందో కూడా లేబుల్ మీదే ఉంది చూడండి. మీరు రాసిన దాని ప్రకారం 0.5 శాతం. సీసా మొత్తానికి ఒక గ్రాము. ఒక బాదం పప్పు బరువు కూడా ఇంచుమించు అంతే.

అలాగని దాన్ని మీ మరిది అన్నట్టు పంచదార నీళ్లని కొట్టిపారేయలేం. అది పాలే. సీసాకి 220 మిల్లీగ్రాముల దాకా కాల్షియం వస్తుంది. ఈ వయసు ఆడపిల్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో చెప్పాయి. ఎముక గట్టిపడేది ఈ ఏళ్లలోనే. అదే కాల్షియం చికెన్ నుంచి రావాలంటే రెండు కిలోల పైనే తినాలి, అది జరిగే పని కాదు. బి12 విటమిన్ కూడా 200 మి.లీ. పాలల్లో ఎక్కువే, 100 గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో తక్కువే. ఈ సంగతి మీ మరిదికి తప్పకుండా చెప్పండి.

ఇక చికెన్. తోలు తీసిన బ్రెస్ట్ పీస్ పచ్చిది 100 గ్రాములు తూస్తే, 120 క్యాలరీల దగ్గర, ప్రొటీన్ 22 గ్రాములు, కొవ్వు రెండు మూడు గ్రాములు. ఉడికాక అదే ముక్క 70, 75 గ్రాములకి దిగుతుంది. నీరు పోతుంది గానీ ప్రొటీన్ పోదు. అందుకే పచ్చి లెక్క, ఉడికిన లెక్క కలిపేసి మాట్లాడితే ఇంట్లో వాదన తెగదు. ప్రొటీన్ వరకు అయితే పోటీయే లేదు. 22 గ్రాములు ఆ బాదంపాల నుంచే రావాలంటే మూడున్నర సీసాలు తాగాలి. దాంతోపాటు 50 గ్రాములు దాటి పంచదార లోపలికి పోతుంది, ఖర్చు 140 రూపాయలు. మీ మరిది మాటలో నిజం ఉన్నది ఇక్కడ.

అయితే మీ అమ్మాయికి వచ్చిన సమస్య ప్రొటీన్ తక్కువై వచ్చింది కాదు. 9.6 అంటే రక్తహీనత. ఈ వయసు ఆడపిల్లల్లో 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. 8 నుంచి 10.9 మధ్య ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మధ్యస్థం అంటుంది. అంటే చూసీ చూడనట్టు వదిలేసేది కాదు. మీ ఇంటికే వచ్చిందనీ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దీనికి చాలాసార్లు కారణం ఇనుము లోపమే. మీ డాక్టరు ఐరన్ మాత్రలు రాశారంటే ఆయన అనుమానం కూడా అదే.

ఇనుము లెక్క చూస్తే మీ ఇంట్లో ఇద్దరూ ఆశ్చర్యపోతారు. పాలల్లో ఇనుము దాదాపు లేదు. చికెన్ బ్రెస్ట్‌లోనూ 100 గ్రాములకి అర మిల్లీగ్రాము కూడా రాదు. మీ పాపకి రోజుకి 30 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి రోజూ 200 గ్రాముల బ్రెస్ట్ ఉడకబెట్టి పెట్టినా, రోజూ బాదంపాలు పట్టినా, రక్తం విషయంలో రెండూ ఇంచుమించు ఒక్కటే. మాంసంలో ఇనుము ఉండేది ఎర్రటి భాగాల్లో. కోడిలో అయితే తొడ ముక్కలో బ్రెస్ట్ కన్నా కొంచెం ఎక్కువ. కొవ్వు తక్కువున్న వేటమాంసంలో 100 గ్రాములకి మూడు మిల్లీగ్రాముల దగ్గర, కోడి కార్జంలో తొమ్మిది దాకా. మాంసంలోని ఇనుముకి ఇంకో మేలు గుణం ఉంది. అది ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుములో చాలా భాగం అలాగే బయటికి పోతుంది. రెండూ ఒకే ముద్దలో ఉంటే మాంసం ఆ పప్పులోని ఇనుము కూడా కొంత ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి దాటిపోయిన విషయం. నన్ను ఎక్కువగా కంగారు పెట్టింది అదే. మాత్రను బాదంపాలతో మింగుతోంది! పాలల్లోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రోజూ మాత్ర వేసుకుంటోందని మీరు ధైర్యంగా ఉన్నారు గానీ, అందులో ఎంత పని చేస్తోందో అనుమానమే. కాఫీ, టీతో వేసుకున్నా ఇదే తంతు. మన రాత్రి భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది కాబట్టి, భోజనం అవగానే మాత్ర వేసుకోవడం కూడా అంత మంచిది కాదు. చికెనా, పాలా అన్నది తేలేదాకా ఆగకుండా ఈ ఒక్కటి మాత్రం ఇవాళే మార్చండి. పాలకీ, పెరుగుకీ, కాఫీకీ మాత్రకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. పొద్దున్నే పరగడుపున, నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. పరగడుపున వికారం పెడితే, ఏడు, ఏడున్నరకల్లా భోజనం ముగించి, పది గంటలకి పడుకోబోయే ముందు నీళ్లతో వేసుకోవచ్చు. అప్పటికీ వాంతి వచ్చినట్టు ఉంటే మాత్ర మానేయనివ్వకండి, డాక్టరుతో చెప్పండి. వేరే రకం ఇస్తారు, లేదా రోజు విడిచి రోజు వేసుకోమంటారు. మీ అంతట మీరు మార్చొద్దు. విరేచనం నల్లగా రావడం, కాస్త మలబద్ధకం మామూలే. పిల్ల దానికి భయపడి మీకు చెప్పకుండా మాత్రలు పారేయకుండా ముందే ఆ మాట చెప్పి ఉంచండి.

ఇక తిండి. మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ఏది ఎంచుకుంటే ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ఎంచుకోవలసింది మీరే, ఎందుకంటే ఆ వంటింట్లో నిలబడేది మీరు.

మీ మరిది దారిలో వెళ్లి మాంసం పెంచాలనుకుంటే, రోజూ అక్కర్లేదు, బ్రెస్టే కావాలనీ లేదు. ఆదివారంతో పాటు వారం మధ్యలో ఇంకో రోజు, తొడ ముక్కలతో తోలు తీసిన చికెన్. పదిహేను రోజులకోసారి కొవ్వు తీయించిన వేటమాంసం పావుకిలో, అప్పుడప్పుడు కాస్త కార్జం వేపుడు. దీనివల్ల ప్రొటీనూ ఇనుమూ రెండూ వస్తాయి. కానీ పిల్ల పులుసు కలుపుకుని ముక్క పక్కన పెడుతోందని మీరే రాశారు. ప్రొటీన్, ఇనుము దాదాపు అంతా ముక్కలోనే ఉంటాయి. పులుసులో మిగిలేది నూనె, ఉప్పు, కారం, రుచి. అందుకే ఉడకబెట్టిన చప్పిడి ముక్క ఆ పిల్ల ముందు పెడితే పని జరగదు. ఎముక తీసేసి, చిన్నగా తరిగి, అల్లం వెల్లుల్లి, కరివేపాకు, మిరియాలు దట్టించి పొడిగా వేపితే ముక్క వాసన పోతుంది. లేదా మెత్తగా ఉడికించి పీచులుగా చేసి గోంగూరలో కలపండి. గోంగూర చికెన్ మన గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలు కాదనడం నేనైతే వినలేదు. చిక్కల్లా వారం మధ్యలో పెరట్లో ఇంకో పూట పొయ్యి వెలిగించడం, దాని మీద అత్తగారి బాధ. ఆవిడ ఉపవాసాల రోజులు, శనివారాలు, కార్తీకమాసం వదిలేసి ఏ రోజైతే ఇబ్బంది లేదో ఆవిడనే అడగండి. రోజు ఆవిడ చెబితే అది ఆవిడ ఇచ్చిన అనుమతి అవుతుంది, మీరు చేసిన తిరుగుబాటు కాదు.

మీ అత్తగారి దారే నయమనిపిస్తే, అంటే మాంసం జోలికి పోకుండా పాలతోనే నడపాలనుకుంటే, అదీ చేయవచ్చు, మాత్ర సరిగ్గా పడుతున్నంత కాలం. కానీ సీసా స్థానంలో ఇంట్లో కాచిన పాలు రావాలి. 200 మి.లీ. పాలు, నానబెట్టి తోలు తీసిన ఎనిమిది బాదం పప్పులు నూరి, ఒక యాలక్కాయ, ఒక చిన్న చెంచా పంచదార. పంచదార పావు వంతు అవుతుంది, బాదం ఎనిమిది రెట్లు. ఈ పని అత్తగారికే అప్పగించండి. మనవరాలికి బలం పట్టాలనే ప్రేమతో ఆవిడ రోజూ 40 రూపాయలు ఇస్తున్నారు, నెలకి వెయ్యి దాటుతోంది. ఆ ప్రేమని కాదనకుండా దాన్ని సీసా నుంచి గ్లాసులోకి మళ్లించడమే మీరు చేయవలసింది. ఇందులో ఇబ్బంది పిల్లతోనే వస్తుంది. నాలుగు చెంచాల తీపికి అలవాటు పడిన నోటికి ఒక్క చెంచా చప్పగా ఉంటుంది. మొదటి వారం మూడు చెంచాలు వేసి, వారానికో చెంచా తగ్గించుకుంటూ రండి. ట్యూషన్ దగ్గర స్నేహితులంతా సీసా పట్టుకుని నిలబడే చోట తనొక్కతే ఉత్త చేతులతో నిలబడటం 15 ఏళ్ల పిల్లకి చిన్న విషయం కాదు. వారానికో రోజు సీసా ఉండనివ్వండి, అంత గిరిగీసుకోనక్కర్లేదు.

అత్తగారు గుడ్డుకి ఒప్పుకునే మనిషైతే మీ పని సగం తేలికవుతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, సరిగ్గా మీ బాదంపాల సీసా అంత, పంచదార లేకుండా, ఏడెనిమిది రూపాయలకే. స్కూలుకి వెళ్లేముందు ఒకటి, సాయంత్రం ఇంకొకటి పెడితే ఆ పూట ప్రొటీన్ గురించి మరిది కూడా మాట్లాడడు. గుడ్డులోని ఇనుము మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఏ దారి పట్టినా మీ రోజువారీ వంటని తక్కువ అంచనా వేయకండి. ఈ వయసు అమ్మాయికి రోజుకి 43 గ్రాముల ప్రొటీన్ చాలు. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, చపాతీ లాంటి వాటిలోనే 18, 20 గ్రాములు వస్తాయి. పిల్ల నిజంగా గట్టి పప్పు తింటే, అంటే పప్పు కట్టు మాత్రమే కాకుండా, ఒక గిన్నెడు ముద్దపప్పో, తోటకూర పప్పో తింటే ఇంకో పది. పాలు, పెరుగు అరలీటరు దాకా వెళ్తే పదిహేను. లెక్క దాదాపు సరిపోయింది. దాని మీద వారానికి రెండుసార్లు మాంసం అంటే అది అదనపు బలం, ఇనుముకి సాయం. పప్పన్నంలో నిమ్మకాయ పిండండి, పక్కన జామకాయ ముక్కలు పెట్టండి. సి విటమిన్ ఉంటే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము బాగా పడుతుంది. రాగుల్లో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంది కాబట్టి పొద్దున రాగి జావ తాగినా పాల మీద భారం తగ్గుతుంది.

మీ ఉత్తరంలో ఒక చోట, అత్తగారు బాదంపాలని 'బలం డ్రింకు' అంటారని రాశారు. ఆవిడ తప్పు కాదు, దశాబ్దాలుగా ప్రకటనలు మనకి నేర్పిన మాట అది. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే సంస్థలన్నిటికీ ఆ పేరు కింద పానీయాలు పెట్టొద్దని చెప్పింది. ఆ సీసాని తీపి తినుబండారంలా చూడండి, అందులో పాల మంచితనం కాస్త ఉందని గుర్తుంచుకోండి, సరిపోతుంది.

ఇంకొక్కటి, మీరు మీ ఉత్తరంలో రాయలేదు గానీ అడగక తప్పదు. అమ్మాయికి నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, ప్యాడ్ ఎన్ని గంటలకి మారుస్తోంది? వారం దాటి ఉంటున్నా, గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అటు నుంచి అంత రక్తం పోతుంటే ఇటు ఏం పెట్టినా నిలవదు. ఈ మాట మరిది ముందో, నాన్న ముందో అడగకండి, రాత్రి పక్కన పడుకున్నప్పుడు అడగండి. రక్తం తగ్గడానికి కడుపులో పురుగులు కూడా ఒక కారణం కావచ్చు, నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేసుకుందో కూడా చూడండి.

మాత్ర పాలకి దూరంగా వేసుకోవడం మొదలుపెట్టిన నెలకి మళ్లీ రక్తపరీక్ష చేయించండి. అప్పటికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరిగి ఉండాలి. పెరిగితే మాత్రలు అక్కడితో ఆపేయకుండా, డాక్టరు చెప్పినన్నాళ్లు, మామూలుగా 12 దాటాక కూడా మరో రెండు మూడు నెలలు కొనసాగించాలి, ఒంట్లో నిల్వ నిండాలి కాబట్టి. పెరగకపోతే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, బి12 పరీక్ష, థలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం లక్షణం ఉందేమో చెప్పే పరీక్ష అవసరమేమోనని డాక్టరుని అడగండి. ఆ రిపోర్టులు వచ్చాక కావాలంటే మళ్లీ నాకు రాయండి, అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.